ఒక మాటకు రెండర్థములు: పనిచోట భిన్నాచారముల వారి సంభాషణము

బిడ్డను బడిలో చేర్పింప వచ్చిన తల్లిదండ్రులు తరచుగా ఒక ప్రశ్న వేయుచుందురు. "ఇంట తెలుగు మాటాడుచున్నాము. వీధిలోను అంగడిలోను తమిళము లేక జరుగదు. ఉద్యోగమునకు ఆంగ్లము కావలయును. ఈ మూడింటి నడుమ పిల్లవాడు తడబడడా? తెలుగును విడిచినచో ఒక బరువైనను తగ్గదా?" అని వారి సందేహము. బిడ్డ రేపు పనిలో ప్రవేశించి నలుగురిలో నిలువగలడా యను చింత దీని వెనుక నున్నది. గావున భాషాభిమానమును గూర్చి నాలుగు మంచి మాటలు చెప్పి ఈ ప్రశ్నను తోసివేయుట న్యాయము గాదు. పని జరుగుచోటికే పోయి, అచ్చట మాట యెట్లు నడచుచున్నదో, యెచ్చట చెడుచున్నదో పరిశీలించి ప్రత్యుత్తరము వెదకుటయే మేలని మేము తలంచితిమి.

మన సీమలో పనిచోట్లు

పడమటి కనుమల పాదమున నున్న మన వత్రాపు ప్రధానముగా వ్యవసాయము మీద బ్రతుకు ఊరు. కాని ఇచ్చటి యువకులందరును పొలమునందే నిలుచుట లేదు. రాజపాళయమున నూలు మిల్లులు గలవు. శివకాశిలో అగ్గిపెట్టెలు, బాణసంచా, అచ్చు పనులు గలవు. విరుదునగరము టోకు వ్యాపారమునకు పేరుపడినది. కోవిల్పట్టిలో అగ్గిపెట్టెల పనియు, వేరుసెనగ మిఠాయి పనియు సాగుచున్నవి. చదువుకొన్నవారు చెన్నపట్టణము, బెంగుళూరు, హైదరాబాదులకును, విదేశములకును పోవుచున్నారు.

ఈ చోట్లలో దేనియందును ఒకే భాష, ఒకే ఆచారము గలవారు మాత్రమే పనిచేయుట అరుదు. యజమాని యొక భాషవాడు, మేస్త్రీ యొక భాషవాడు, పనివారు రెండు మూడు భాషలవారు. గడచిన కొన్ని దశాబ్దములలో ఒరిస్సా, బీహారు, అస్సాము ప్రాంతముల నుండి వచ్చిన పనివారు తమిళనాటి మిల్లులలోను కట్టడపు పనులలోను చేరిరి. ఇట్టి కలయిక మన సీమకు క్రొత్త గాదు. 1922 లో శివకాశి నుండి పి. అయ్య నాడారు, ఎ. షణ్ముగ నాడారు అను వారిరువురు అగ్గిపుల్లల పని నేర్చుకొనుటకై కలకత్తా నగరమునకు పోయిరి. వంగభాష నడచు నగరమున నేర్చిన పనిని తెచ్చి తమిళసీమలో నాటిరి. అంతకు పూర్వము మన పెద్దలు విజయనగర, మధుర నాయకరాజుల కాలములలో తెలుగుసీమ నుండి ఈ నల్లరేగడి నేలకు వచ్చి, ఇచ్చటి వారితో కలసి పొలము దున్నిరి, చెరువులు త్రవ్విరి. భాష వేరైన వారితో పనిచేయుట మనకు తరతరముల అనుభవము. అయినను అనుభవము వేరు, దాని నెరిగి వాడుకొనుట వేరు. ఆ రెండవదియే నేర్పవలసిన విద్య.

పరాయి మాటకంటె పోలిన మాట ప్రమాదకరము

తెలియని మాట వినబడినపుడు మనము జాగ్రత్తపడుదుము. "ఏమంటిరి?" అని మరల నడుగుదుము. తెలిసినట్లే తోచు మాట వినబడినపుడు అట్లడుగము. పొరపాటు చాల తరచుగా ఇచ్చటనే ప్రవేశించును.

తెలుగున "అవసరము" అనగా కావలసినది, అక్కర. తమిళమున అదే మాటకు తొందర యని యర్థము. కావలసినది అనుటకు వారు "అవసియం" అని గాని "తేవై" అని గాని అందురు. ఒక మిల్లులో ఇట్లు జరిగెననుకొందము. హైదరాబాదు నుండి వచ్చిన అధికారి "ఈ సామాను మనకు అవసరము" అని చెప్పెను. తమిళుడైన గుమాస్తా ఆ మాటను తన భాషలోని యర్థముతో గ్రహించి, చేతిలో నున్న పనినెల్ల విడిచి, ఎక్కువ ధర యిచ్చి, ఆ సామానును ఆ సాయంకాలమునకే తెప్పించెను. అధికారి "ఇంత తొందర యెందుకు? ధర యెందుకు పెంచితివి?" అని కోపించెను. గుమాస్తా "తొందర యని తామే చెప్పితిరి గదా" యని నొచ్చుకొనెను. ఇద్దరును నిజమే పలికిరి. ఇద్దరిలో ఎవ్వరిదియు దుర్బుద్ధి గాదు. ఐనను ఒకరిపై నొకరికి నమ్మకము సడలిపోయినది.

"ఆలోచన" యను మాట మూడు భాషలలో మూడు దారులు పట్టినది. తెలుగున అది తలంపు. తమిళమున "ఆలోసనై" అనగా సలహా, సంప్రదింపు. హిందీలో "ఆలోచనా" యనగా విమర్శ, తప్పులెన్నుట. ఉత్తరాది వానితో మనవాడు "నీ పని మీద నాకొక ఆలోచన కలదు" అని చెప్పినచో, వాడు తన తప్పులెన్నుటకే వచ్చితివని తలంపవచ్చును. "శిక్ష" యనగా మనకు దండన. హిందీలో "శిక్షా" యనగా చదువు. "ఉపన్యాసము" మనకు సభలో చేయు ప్రసంగము. హిందీవారికిని వంగీయులకును నవల. హిందీలో "కల్" అను ఒక్క మాటయే నిన్నను, రేపటిని తెలుపును. దానితో వచ్చు క్రియను బట్టి యర్థము తేలును. ఆ భాష సగము వచ్చిన మేస్త్రీ క్రియను వినిపించుకొనక "కల్" అను మాట నొక్కదానినే పట్టుకొన్నచో, నిన్ననే ముగిసిన పని రేపు జరుగునని వ్రాసికొనవచ్చును.

మన యింటి మాటలలోనే చూడుడు. తెలుగున "సంసారి" యనగా ఇల్లు వాకిలి గలవాడు. ఈ నల్లరేగడి సీమ తమిళమున "సంసారి" యనగా రైతు. తెలుగున "పని" యనునది ఉద్యోగము, కార్యము. తమిళమున ఆ యుచ్చారణకే మంచు అను నర్థము. పని అను నర్థమున పలుకవలసినపుడు వారు ణకారమును వాడుదురు. మన పిల్లలు ఈ రెండు భాషలను పుట్టినది మొదలు వినుచున్నారు. కాని ఏ యర్థము ఏ భాషకు చెందినదో విడదీసి చూపువారు లేనిచో, రెండును కలసిపోయి, తాము కలిపితిమన్న సంగతియే వారికి తెలియదు. ఆంధ్రకు పోయి "అవసరముగా రండి" యని, త్వరగా రమ్మను నర్థమున పలికి, ఎదుటివారు నెమ్మదిగా వచ్చినచో కోపగించుకొనువారు మన పిల్లలే యగుదురు.

పిలుపులు, మర్యాదలు

మాటయొక్క యర్థము తరువాత పిలుపు వచ్చును. మనము ఎదుటివానిని ఏమని పిలిచితిమో దానిని బట్టి వాడు మన తక్కిన మాట వినును.

ఈ దక్షిణ తమిళ జిల్లాలలో అంగడి యజమానిని, వయసున పెద్దవానిని "అణ్ణాచ్చి" యని పిలుచుట వాడుక. ఆ పిలుపులో గౌరవమును కలదు, చనువును కలదు. అదే పిలుపు చెన్నపట్టణపు పెద్ద కచేరీలో కొందరికి మోటుగా తోచును. కోస్తా ఆంధ్ర జిల్లాలలో "అండి" చేర్చనిదే పెద్దలతో మాట సాగదు. తెలంగాణమున కొన్ని యెడల "నువ్వు" అనుట చనువునకు గుర్తేగాని అగౌరవము గాదు. కోస్తా నుండి వచ్చిన అధికారి ఆ "నువ్వు" విని ముఖము ముడుచుకొనును. పలికినవానికి కారణమే తెలియదు. హిందీలో ఎదుటివానిని పిలుచుటకు మూడు మెట్లు గలవు: "తూ", "తుమ్", "ఆప్". మనకు రెండే మెట్లుండుటచేత, మనవారు హిందీ నేర్చినపుడు నడిమి మెట్టును ఎచ్చట వాడవలయునో తెలియక చిక్కుపడుదురు. ఆంగ్లమున ఎదుటివానిని తెలుపు సర్వనామము ఒక్కటే. అందుచేత ఆంగ్లమున మర్యాద, సర్వనామమునందు గాక, వాక్యము నడుపు తీరునందును అడుగు విధమునందును ఉండును. తెలుగులోని "తలుపు వేయండి" యను మర్యాదగల మాటను మాటకు మాటగా ఆంగ్లమున పెట్టినచో అది యాజ్ఞవలె వినబడును. మనలోని మర్యాద "అండి"లోనే మిగిలిపోయి, సముద్రము దాటదు.

పేర్ల విషయమును ఇట్టిదే. అమెరికా మొదలగు దేశములలోని అనేక కచేరీలలో పై యధికారిని పేరుపెట్టి పిలుతురు. మన పిల్లవాడు అట్లు పిలుచుటకు నోరాడక, పిలువకయే ఊరకుండును. "ఈతడు మాటాడడు, కలిసిరాడు" అని వారనుకొందురు. మన పిల్లవాడు గౌరవముతో ఊరకుండెను. వారు దానిని బిగువుగా చూచిరి.

ఔను, కాదు, మౌనము

ఇక అన్నింటికంటె చిక్కైన సంగతి కలదు. అది చెప్పిన మాటలో గాక చెప్పని మాటలో నుండును.

మన ఇండ్లలో "చూతము లెండి" యన్నచో చాల మారులు కాదని యర్థము. తమిళమున "పార్క్కలాం" అను మాటయు నట్లే వాడబడును. ఎదుటివాని మనసు నొవ్వకుండ కాదనుటకు మన పెద్దలు కనుగొన్న మార్గమది. వినువాడును మనవాడే యైనచో గ్రహించును. జర్మను దేశస్థుడైనచో "చూతుమన్నారు, ఎప్పుడు చూతురు?" అని వారము తరువాత జాబు వ్రాయును. అమెరికా పండితుడు ఎడ్వర్డు టి. హాల్ 1959 లో "మౌన భాష" యను నర్థముగల పేరుతో ఒక గ్రంథమును ప్రకటించెను. 1976 నాటి మరియొక గ్రంథమున నతడు, కొన్ని సమాజములలో అర్థము చాలవరకు సందర్భమునందును సంబంధమునందును ఇమిడి యుండుననియు, మరికొన్ని సమాజములలో పలికిన మాటయందే యుండుననియు వివరించెను. మన సమాజము మొదటి తెగకు చెందినది. మొదటి తెగవాడును రెండవ తెగవాడును కలసి పనిచేసినపుడు, మొదటివానికి రెండవవాడు మొరటువాడుగా తోచును. రెండవవానికి మొదటివాడు మాట నిలుకడ లేనివాడుగా తోచును.

"సరే" యను చిన్న మాటనే విచారింపుడు. విన్నాననియు, తెలిసినదనియు, ఒప్పుకొన్నాననియు, చేసెదననియు, సందర్భమును బట్టి ఆ యొక్క మాటయే నాలుగు పనులు చేయును. యజమాని నాలుగవ యర్థమును గ్రహించి పోవును. పనివాడు మొదటి యర్థముతో పలికి యుండును.

ప్రతిషేధముతో నడుగు ప్రశ్న మరియు ప్రమాదకరము. "మీట కట్టివేయలేదా?" అని యడిగినచో, మనలో ఒకడు "అవును" అని, కట్టివేయలేదను నర్థమున పలుకవచ్చును, ప్రశ్నలోని మాటతో నేకీభవించుట మన పద్ధతి. ఆంగ్లమున ఔనను మాట చెప్పినచో కట్టివేసితిననియే యర్థమగును. యంత్రము చెంత ఈ యొక్క మాట తారుమారైనచో చేయి పోవును. గావున పనిచోట ప్రశ్న "మీట కట్టివేసితివా?" అని యుండవలయును, జవాబు "కట్టివేసితిని" అని గాని "ఇంకను కట్టివేయలేదు" అని గాని నిండు వాక్యముగా నుండవలయును.

తలయూపుటయు నొక భాషయే. మనము తలను ప్రక్కలకు ఆడించినచో సమ్మతి యని మనకు తెలియును. విదేశీయులనేకులు దానిని కాదను సంజ్ఞగా చూతురు. బల్గేరియా దేశమున తలను పైకి క్రిందికి ఊపుట కాదను నర్థమిచ్చును.

వీని యన్నింటి పైన పెద్దచిన్నల దూరమొకటి కలదు. డచ్చి పండితుడు గీర్టు హాఫ్‌స్టెడ్, ఐ.బి.ఎమ్. అను యంత్రముల సంస్థలో అనేక దేశముల ఉద్యోగులు 1967 నుండి 1973 వరకు ఇచ్చిన జవాబులను పరిశీలించి, 1980 లో ఒక గ్రంథమును ప్రకటించెను. పైవానికిని క్రిందివానికిని నడుమ దూరము సహజమేనని జనులెంతవరకు అంగీకరింతురో అతడు అంకెలతో చూపెను. ఆ కొలతలో మన దేశమునకు 77, అమెరికాకు 40 వచ్చెను. దేశమునంతటిని ఒక్క అంకెలో బిగించుట సరిగాదని ఆక్షేపించిన పండితులును గలరు. వారి యాక్షేపణ యుక్తమే. వత్రాపు రైతును, బొంబాయి బ్యాంకు ఉద్యోగిని ఒక్క త్రాసులో తూచుట యెట్లు? ఐనను ఆ యంకె చూపు సంగతిని మన ఇండ్లలోనే చూడవచ్చును. "పెద్దలు చెప్పునపుడు మారు మాటాడరాదు" అని మనము పిల్లలకు నేర్పుచున్నాము. అది మంచి శీలమే. కాని ఆ పిల్లవాడే రేపు యంత్రము ముందు నిలిచి, మేస్త్రీ చెప్పినది సగమే తెలిసినను, మరల నడుగుట అమర్యాద యని తల యూపి ఊరకుండును. మనము మర్యాద నేర్పితిమనుకొంటిమి. దానితోపాటు ప్రమాదమును నేర్పితిమి.

ఆకాశమున జరిగిన ఘోరము

మాట తప్పుగా నందుట యెంతటి చేటు తెచ్చునో తెలుపుటకు మన దేశమున జరిగిన ఒక దుర్ఘటనము కలదు. 1996 నవంబరు 12 వ తేదీ సాయంకాలమున ఢిల్లీకి పడమటనున్న చర్ఖీ దాద్రి యను పట్టణము మీద, ఆకాశమున రెండు విమానములు ఢీకొనెను. ఒకటి సౌదీ అరేబియా వారిది, ఢిల్లీ నుండి పైకి లేచుచుండెను. రెండవది కజక్‌స్తాన్ దేశపుది, ఢిల్లీకి దిగుచుండెను. మొదటిదానికి 14,000 అడుగుల ఎత్తు వరకును, రెండవదానికి 15,000 అడుగుల ఎత్తు వరకును ఢిల్లీ కేంద్రమువారు అనుమతి యిచ్చియుండిరి. రెండవ విమానము ఆ హద్దును దాటి క్రిందికి దిగెను. రెండు విమానములలోని 349 మందియు మరణించిరి.

న్యాయమూర్తి లహోటీగారి విచారణలో, అనుమతించిన ఎత్తునకు దిగువకు కజక్ విమానము దిగుటయే కారణమని తేలెను; ఆ విమానము నడుపువారి ఆంగ్లభాషాజ్ఞానము చాలకుండుటయు ఇందులో చర్చకు వచ్చెను. వారు సోవియట్ పద్ధతిని మీటర్ల లెక్కకు అలవాటుపడినవారు. ఇచ్చట లెక్క అడుగులలో నుండెను. ఆ విమానమున కేంద్రముతో మాటాడువాడొకడు, విమానమును నడుపువారు వేరొకరు. మాట ఒకరి చెవిని బడి, మరియొకరి చేతికి చేరవలసి యుండెను. ఆ త్రోవలోనే 349 ప్రాణములు పోయెను.

విమానయానమువారు ఇట్టి యపాయములను తగ్గించుటకు చిరకాలముగా నొక నియమమును పాటించుచున్నారు. కేంద్రమువారు చెప్పిన ముఖ్యమైన యాజ్ఞను విమానమునందలివాడు తన నోట మరల చెప్పవలయును. చెప్పినవారు దానిని విని, తప్పున్నచో దిద్దవలయును. "సరే" యని మాత్రము పలికి ఊరకుండరాదు. 2003 లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, దేశముల నడుమ విమానములు నడుపువారికి భాషాపాటవమును పరీక్షించు నియమములను కూడ అంగీకరించెను. ఇందులో మనము గ్రహింపవలసినది, మరల చెప్పుట తెలివితక్కువ వాని పని గాదు, మిక్కిలి శిక్షణ పొందినవారి పద్ధతి యనునదియే.

కొద్దిమంది సంగతి

1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున 108 వ విభాగము, కర్మాగారమున కట్టవలసిన ప్రకటనలు ఆంగ్లమునను, అచ్చటి పనివారిలో అధిక సంఖ్యాకులకు తెలిసిన భాషయందును ఉండవలయునని విధించెను. ఆ నియమము మంచిదే. కాని భాషాల్పసంఖ్యాకులమైన మనకు అందులోని "అధిక సంఖ్యాకులు" అను మాట వెంటనే కంటబడును. తక్కినవారి మాటయేమి? నూరుగురిలో ఎనుబదిమందికి తెలిసిన భాషలో నిప్పును గూర్చిన హెచ్చరిక వ్రాసినచో, తక్కిన యిరువదిమందిని నిప్పు కాల్చదా?

ఒకప్పుడు ఆ కొద్దిమంది మన పెద్దలు. నేడు మనము తమిళము నేర్చి, ఇచ్చటివారమై యున్నాము. మన సీమ మిల్లులలో ఇప్పుడు ఆ కొద్దిమంది, ఉత్తరాది నుండి వచ్చిన పనివారు. వారిని గూర్చి "చెప్పినది వినరు, మందమతులు" అని పలుకుట మేము వినియున్నాము. అట్లు పలుకువారిలో మనవారును గలరు. మన తాత తమిళము రాక అంగడి ముందు నిలువబడిన దినమున ఆయనను గూర్చియు ఎవరో అట్లే పలికియుందురు. భాష రాకుండుట బుద్ధి లేకుండుట గాదని మనకంటె బాగుగ నెరుగదగినవారు ఎవరు? మన పిల్లవాడు మేస్త్రీ యైన దినమున, యంత్రము ముందు ఉత్తరాది కుర్రవానిని నిలిపి, చేసి చూపి, వాని చేత చేయించి చూచి, తరువాతనే మీట వేయించినచో, మనము నేర్పిన విద్య ఫలించినదని తలంపవచ్చును.

రెండు భాషల నడుమ నిలిచినవాని బలము

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. తెలుగును విడిచినచో బరువు తగ్గదా?

కోవిల్పట్టి సమీపమున ఇడైసెవల్ అను గ్రామము కలదు. అచ్చట 1923 లో జన్మించిన కి. రాజనారాయణన్‌గారు ఇంట తెలుగు మాటాడు కుటుంబమువారు. ఆయన తమిళమున కథలు, నవలలు వ్రాసిరి. తెలుగుసీమ నుండి వలస వచ్చిన మనవారి గాథను "గోపల్ల గ్రామం" అను నవలగా రచించిరి. "గోపల్లపురత్తు మక్కళ్" అను నవలకు 1991 లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఈ నల్లరేగడి సీమలో తమిళ రైతులు పలుకు మాటలనేరి ఒక నిఘంటువును కూర్చినవారును ఆయనయే. 2021 లో ఆయన దివంగతులైరి. పుట్టినది మొదలు ఒకే భాష వినువానికి తన చుట్టునున్న మాటలు గాలివలె నుండును, ఉన్నట్లే తోచదు. రెండు భాషల నడుమ పెరిగినవానికి మాట మాటయందును తేడా వినబడును. ఆయన నిఘంటువు వెనుక ఇట్టి చెవి యున్నదని మేము తలంచుచున్నాము.

ఐనను ఒక సత్యమును దాచరాదు. రెండు భాషలు చెవిని బడినంత మాత్రమున ఈ బలము రాదు. తెలుగు సగము, తమిళము సగము కలిపి, దేనియందును నిండు వాక్యము పలుకలేని పిల్లవానికి రెండు భాషలును కుంటి కాళ్లే యగును. అట్టివాడు ఇచ్చట "వడుగుడు" అని పిలువబడి సిగ్గుపడును. హైదరాబాదునకు పోయి "అరవవాడు" అని పిలువబడి మరల సిగ్గుపడును. ఆ సిగ్గుచేత ప్రశ్న అడుగుట మానును. ప్రశ్న మానినవాడు పనిచోట తప్పు చేయును. తల్లిదండ్రుల భయము నిజమే. కాని దానికి మందు ఒక భాషను కోసివేయుట గాదు. రెండింటిని వేరుపరచి, ఒక్కొక్కదానిని నిండుగా నేర్పుటయే మందు.

ఈ పనికి రాజ్యాంగము తోడుగా నున్నది. 1956 లో చేర్చిన 350 ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలయునని చెప్పుచున్నది. తమిళనాట 2006 నాటి చట్టము బడులలో తమిళమును తప్పనిసరి పాఠముగా చేసెను. ఈ చట్టమును గూర్చి మనవారిలో వాదములు గలవు. ఆ వాదముల సంగతి యెట్లున్నను, మన బిడ్డలు ఈ నేల మీద బ్రతుకవలసినవారు గనుక తమిళమును చక్కగా నేర్వవలసినదే. తెలుగు నేర్చుట తమిళమునకు శత్రుత్వము గాదు. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ తల్లి చరిత్రమును తెలుగున "ఆముక్తమాల్యద" గా రచించిన శ్రీకృష్ణదేవరాయలకు ఆ రెండు భాషల నడుమ గోడ కనబడలేదు.

ఇంటిలో చేయదగిన అభ్యాసములు

బడిలో చెప్పు పాఠమునకు ఇంట తోడు లేనిచో ఫలితము సగమే. గావున తల్లిదండ్రులు ఈ అయిదింటిని చేయించిన మేలని మనవి చేయుచున్నాము.

1. పిల్లవానిని అంగడికి పంపునపుడు, చెప్పిన వస్తువులను పరిమాణములతో గూడ వానిచేత మరల చెప్పించుడు. తప్పున్నచో కోపపడక దిద్దుడు. తెలుగున చెప్పి తమిళమున తిరిగి చెప్పించుట మరియు మంచిది.

2. జంట మాటల పుస్తకమొకటి పెట్టించుడు. ఒకవైపు తెలుగర్థము, ఒకవైపు తమిళార్థము. "అవసరము", "ఆలోచన", "సంసారి", "పని" యను నాలుగింటితో మొదలిడవచ్చును. వారమునకు రెండు మాటలు చేర్చినను ఏడాదికి నూరు మాటలగును.

3. తెలియనిదానిని మర్యాదతో అడుగుట నేర్పుడు. "తాము చెప్పినది నేనిట్లు గ్రహించితిని, సరియేనా?" అను వాక్యమును తెలుగునను, తమిళమునను, ఆంగ్లమునను కంఠస్థము చేయించుడు. అది మారు మాటాడుట గాదని ముందు మనము నమ్మవలయును.

4. కాదని చెప్పవలసినచోట, కారణముతో మృదువుగా కాదనుట నేర్పుడు. "చూతము" అని తప్పించుకొనక, "ఈ దినమున కాదు, ఎల్లుండి చేయగలను" అని పలుకుటకు అలవాటు చేయుడు.

5. అవ్వ తాతలచేత తమ తొలి ఉద్యోగములోనో, తొలి సంతలోనో మాట తారుమారైన సంగతులను చెప్పించుడు. నవ్వుచు విన్న పాఠము పిల్లలు మరువరు.

ఈ అయిదింటికి వెచ్చము లేదు. వేళ మాత్రము కావలయును. పిల్లవాడు మరల నడిగినపుడు "ఒక మారు చెప్పితిని గదా" యని కసరుకొనక, ఇంకొక మారు చెప్పునంత ఓర్పు కావలయును. ఆ యోర్పు మన యింట దొరకినచో, మన బిడ్డ దానిని తాను పనిచేయు చోటికి తీసికొనిపోవును. అచ్చట భాష రాక నిలుచున్న మరియొకరి బిడ్డకు దానిని పంచిపెట్టును.